తెలుఁగు చలనచిత్రముల విదేశయాత్ర: అందు భాష యొక్క స్థానము

2022వ సంవత్సరము సెప్టెంబరు నెల తుదిని, అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున నొక తెలుఁగు దర్శకుని చిత్రములను వరుసగాఁ జూపు నుత్సవ మారంభమయ్యెను. బియాండ్ ఫెస్ట్ అను చలనచిత్రోత్సవ సంస్థయు, అమెరికన్ సినమాథెక్ అను సంఘమును, వేరియెన్స్ ఫిల్మ్స్ అను పంపిణీ సంస్థయుఁ గలసి దీనిని నడపినవి. ‘టాలీవుడ్ నుండి హాలీవుడ్‌నకు’ అని దానికిఁ బేరు. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వము వహించిన మగధీర, మర్యాద రామన్న, ఈగ, బాహుబలి రెండు భాగములు, ఆర్.ఆర్.ఆర్. అను చిత్రములు ఇందుఁ జేరియుండెను. హాలీవుడ్‌లో 1927లోఁ గట్టఁబడి, చీనాదేశపు ఆలయమును బోలిన ముఖద్వారముతో నొప్పు ప్రసిద్ధమైన సినిమాహాలునం దీ వరుసలోని ఆర్.ఆర్.ఆర్. ప్రదర్శింపఁబడినది. మఱుసటి జనవరిలో నా హాలుననే ఆ చిత్రమును మరలఁ జూపనెంచినపుడు 932 ఆసనములకు టిక్కెట్లు 98 సెకండ్లలో నమ్ముడుపోయినవని నిర్వాహకులు ప్రకటించిరి.

ఈ యుత్సవమును నడపినవారు తెలుఁగువారు కారు. చూడవచ్చినవారిలో ననేకులకుఁ దెలుఁగు రాదు. అట్టివారు మూఁడుగంటలకాల మొక తెలుఁగు చిత్రమునకుఁ జప్పట్లు కొట్టుచుఁ గూర్చుండుట తెలుఁగువారికి సంతోషకరమైన విషయమే. కాని యీ సంతోషముతోఁ బాటు విచారింపవలసిన ప్రశ్న యొకటి కలదు. చిత్రము సముద్రము దాఁటినది. అందలి భాష దాఁటినదా? విదేశీయుని కంటికిఁ దెలుఁగునాఁటి చిత్రము కనఁబడుచున్నది. అతని చెవికిఁ దెలుఁగుమాట వినఁబడుచున్నదా? వినఁబడినను, దానియర్థ మాతనికి సరిగా నందుచున్నదా? భాషాసాహిత్యములయం దభిమానము గలవా రీ ప్రశ్నను సినిమావారికి విడిచిపెట్టి యూరకుండఁ దగదు.

కాంటనీస్ దృష్టాంతము

ఇట్టి ప్రశ్న యిదివఱకే యెదురైన భాష యొకటి కలదు. హాంగ్‌కాంగ్ అంతర్జాతీయ చలనచిత్రోత్సవ సంఘమువారు 2022లో ‘మేకింగ్ వేవ్స్’ అను పేర నొక సంచార ప్రదర్శనము నారంభించిరి. క్రొత్తగాఁ దీసిన హాంగ్‌కాంగ్ చిత్రములకు, బాగుచేయఁబడిన పూర్వచిత్రములను గొన్నింటిని జేర్చి, వానిని విదేశనగరములకుఁ గొనిపోయి, దర్శకులను నటులను వెంటఁ బంపి, అచ్చటి ప్రేక్షకులకుఁ జూపుట దీని పని. హాంగ్‌కాంగ్ ప్రభుత్వము దీనికి ధనసహాయము చేసినది. ఈ చిత్రములలోఁ బాత్రలు మాటలాడు భాష కాంటనీస్.

కాంటనీస్ మాటలాడువారు ప్రపంచమున సుమారు 8 కోట్ల మంది. 2011వ సంవత్సరపు జనగణనము ననుసరించి భారతదేశమునఁ దెలుఁగు మాతృభాషగాఁ గలవారు 8 కోట్ల 11 లక్షలు. సంఖ్యచేత నీ రెండు భాషలు నించుమించు సమానములు. చలనచిత్రమున మాటలాడ నేర్చుటలోను ఇవి తోఁబుట్టువులవంటివి. పూర్తిగాఁ దెలుఁగున మాటలాడిన తొలిచిత్రమగు ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడినది. కాంటనీస్ చిత్రములకు దారితీసిన ‘వైట్ గోల్డెన్ డ్రాగన్’ 1933లో వెలువడినది. రెండింటికిని బ్రక్కన నధికప్రచారము గల మఱియొక భాష కలదు. తెలుఁగునకు హిందీ యెట్టిదో, కాంటనీస్‌నకు మాండరిన్ అట్టిది.

అయితే కాంటనీస్ భాషకుఁ దెర మీఁద నొకప్పుడు గొప్ప యాపద వాటిల్లినది. 1960ల తుదినాఁటికి ధనబలము గల స్టూడియోలు మాండరిన్ చిత్రములనే తీయసాఁగెను. హాంగ్‌కాంగ్ వీథులలోఁ బ్రజలు కాంటనీస్ మాటలాడుచునే యుండిరి. సినిమాహాలులోనికిఁ బోయినచో మాండరిన్ వినవలసి వచ్చెను. 1972లోఁ గాంటనీస్ చిత్ర మొక్కటియు వెలువడలేదు. 1973లోఁ జోర్ యున్ అను దర్శకుఁడు ‘72 కాపురముల యిల్లు’ అను నర్థము గల హాస్యచిత్రమును గాంటనీసున దీసెను. అది యా యేఁటి హాంగ్‌కాంగ్ వసూళ్లలో బ్రూస్ లీ నటించిన ‘ఎంటర్ ది డ్రాగన్’ను సైతము మించిపోయెను. నాఁటినుండి ఆ భాష మరలఁ దెర నెక్కినది. ఒకసారి పోఁగొట్టుకొని తిరిగి పొందినవారు గనుకనే, హాంగ్‌కాంగ్ వారు తమ చిత్రములను బయటి నగరములకుఁ గొనిపోవునపుడు తమ పలుకును విడువక కొనిపోవుచున్నారు.

తెలుఁగునకు స్వదేశమున నట్టి యాపద రాలేదు. తెలుఁగుచిత్రములు లేని సంవత్సరము 1932 తరువాత నెన్నఁడును లేదు. ఈ నిశ్చింతయే యొక యజాగ్రత్తకుఁ గారణమైనట్లు కనఁబడుచున్నది. ఇంట భద్రముగా నున్న భాష, పొరుగూరికిఁ బోవునపుడు వేఱొకరి గొంతు నెరవు తీసికొనుట కలవాటుపడినది.

పూర్వయాత్రలు

ఇంతకుఁ బూర్వము తెలుఁగుచిత్రములు విదేశముల కేఁగలేదని తలఁపరాదు. బి. ఎన్. రెడ్డి నిర్మించి దర్శకత్వము వహించిన ‘మల్లీశ్వరి’ 1951లో వెలువడి, 1953లోఁ జీనాభాషా సబ్‌టైటిళ్లతోఁ జైనాదేశమునఁ బ్రదర్శింపఁబడినది. తెర యడుగున నెప్పటి మాట కప్పుడు కనఁబడు అనువాదవాక్యములకు సబ్‌టైటిళ్లని పేరు. ఈ చిత్రమునకు మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి వ్రాసెను. ఒక భావకవి వ్రాసిన తెలుఁగుమాటలు చీనాదేశపు సినిమాహాళ్లలో వినఁబడినవి. వాని క్రింద నా దేశపు లిపిలో వాని యర్థము కనఁబడినది. గొంతు మాఱలేదు. ఇది చిన్న విషయము కాదు.

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వము వహించిన ‘నర్తనశాల’ 1964లో ఇండోనేషియా రాజధానియగు జకార్తాలో జరిగిన ఆసియా ఆఫ్రికా చలనచిత్రోత్సవమునకుఁ బోయెను. అందుఁ గీచకపాత్రము ధరించిన ఎస్. వి. రంగారావునకు ఉత్తమనటుఁడను బహుమానము, టి. వి. ఎస్. శర్మకుఁ గళాదర్శకత్వమునకు బహుమానము లభించినవి. 1977లో మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ను దీసెను. కథ ప్రేమ్‌చంద్‌ది, దర్శకుఁడు వంగదేశీయుఁడు. కాని పాత్రలు మాటలాడినది తెలుఁగు. ఆ చిత్రము 1978లోఁ గార్లొవీ వారి యను చెకొస్లొవేకియా పట్టణపు టుత్సవమున బహుమాన మందెను. కె. విశ్వనాథ్ తీసిన ‘శంకరాభరణము’ 1981లో ఫ్రాన్సుదేశపు బెసాన్సన్ పట్టణమునఁ బ్రేక్షకుల బహుమానమును గైకొనెను. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ 1989లో మాస్కో యుత్సవమున గౌరవపత్ర మందినది.

ఈ యాత్రలలో నొక సామాన్యలక్షణము కలదు. ఇవి యొక్కొక్క చిత్రము యొక్కొక్క ఉత్సవమునకుఁ బోయి వచ్చినవే కాని, తెలుఁగుచిత్రములను గుచ్చి మాలగాఁ జేసి నగరము వెంట నగరమునకుఁ ద్రిప్పిన యేర్పాటు గాదు. అట్టి సంచారప్రదర్శనము స్వదేశమునఁ గొంత జరిగినది. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భమున 2024 సెప్టెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు, జాతీయ చలనచిత్ర భాండాగారము వారు మొదలగువారు గలసి దేవదాసు, మిస్సమ్మ, మాయాబజారు మున్నగు పది చిత్రములను భారతదేశమందలి పెక్కు నగరములలోఁ జూపిరి. విదేశములలో దీనికి దగ్గఱగా వచ్చినది లాస్ ఏంజెలిస్ ప్రదర్శనమే. అదియు నొక దర్శకుని పేర జరిగినదే కాని యొక భాష పేర జరిగినది కాదు.

చిత్రములు బయలుదేరు చోటు

ఈ చిత్రములు బయలుదేరు చోటును, బయలుదేరు విధమును దెలిసికొన్నచో భాష యెచ్చట జాఱిపోవుచున్నదో తెలియఁగలదు. తెలుఁగు చిత్రపరిశ్రమ చిరకాలము మదరాసున వర్ధిల్లినది. హైదరాబాదున అమీరుపేట ప్రాంతమున 1950లలో సారథి స్టూడియో వెలసెను. 1976లో నాగేశ్వరరావు బంజారాహిల్స్ అంచున అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పెను. పిదపఁ బద్మాలయ, రామానాయుడు స్టూడియోలు జూబిలీహిల్స్ కొండలపై వచ్చినవి. తూర్పున సారథి స్టూడియోకు, పడమట అన్నపూర్ణ స్టూడియోకు నడుమ శ్రీనగర్ కాలనీ యున్నది. నిర్మాతల కార్యాలయములు, కథలు చర్చించు గదులు, మాటలు వ్రాయువారి నివాసములు ఇచ్చటను, ప్రక్కనున్న కృష్ణానగరునను బెరిగినవి. ఇంకను పడమరగా ఫిలింనగరున ఫిలిం ఛాంబరు కలదు. మాట పుట్టుట, గొంతు చేరుట, చిత్రము ముగించి బయటికిఁ బంపుట యనునవి యిట్లు కొలఁది మైళ్లలోనే జరుగును.

పూర్వము సెల్యులాయిడు ఫిలిము కాలమునఁ బరదేశమునకుఁ బంపవలసిన ప్రతిమీఁదనే సబ్‌టైటిళ్లు ముద్రింపవలసియుండెను. ఒక ప్రతి యొక భాషకే పనికివచ్చును. అందుచే వ్యయ మధికము. ఇప్పుడు చిత్రము డిజిటల్ ప్యాకేజీగాఁ బోవుచున్నది. అందు బొమ్మ యొక్కటే. దానికి జతగాఁ దెలుఁగు, తమిళము, హిందీ మొదలగు భాషల శబ్దము వేర్వేఱుగా నుండును. సబ్‌టైటిళ్లు మఱియొక చిన్న ఫైలుగా నుండును. హాలులో నే శబ్దము మ్రోఁగవలెనో, ఏ భాష యక్షరములు కనఁబడవలెనో ప్రదర్శించువాఁడు నిర్ణయింపవచ్చును. అనఁగాఁ దెలుఁగుశబ్దమును బంపుటకు నేఁడు యంత్రమువలన నే యాటంకమును లేదు. ఆటంక మేదైన నున్నచో నది వ్యాపారమువలనఁ గలిగినదియో, ఉపేక్షవలనఁ గలిగినదియో యగును.

గొంతు మాఱిన విధము

ఈగ యను చిత్రము 2012లోఁ దెలుఁగు, తమిళ భాషలలోఁ దీయఁబడినది. హిందీలోనికిఁ దర్జుమాయై ‘మక్ఖీ’ యను పేరఁ బోయెను. 2013లో జపానుదేశమునఁ బ్రదర్శింపఁబడినపు డచ్చటి ప్రకటనలలో దానికిఁ గల పేరు ‘మక్కీ’. ఈగ యను రెండక్షరముల యచ్చ తెలుఁగుమాట జపానువారి యుచ్చారణమునకుఁ గఠినమైనది కాదు. అయినను హిందీపేరే పోయినది. జపానుదేశమున నా చిత్రము నాదరించినవారు దానిని హిందీపేరనే యెఱుఁగుదురు.

ఆర్.ఆర్.ఆర్. విషయ మింకను విశదము. ఈ మూఁ డక్షరములకుఁ దెలుఁగున ‘రౌద్రము, రణము, రుధిరము’ అని విస్తారము. ఇంగ్లీషు ప్రకటనలలో ‘రైజ్, రోర్, రివోల్ట్’ అనఁగా లేచుట, గర్జించుట, తిరుగఁబడుట యని విస్తారము. మొదటిదానియందుఁ గోపము, యుద్ధము, నెత్తురు అను మూఁడు వస్తువులు. రెండవదానియందు మూఁడు క్రియలు. ఒకే చిత్రమునకు రెండు పేళ్లే కాదు, రెండు భావములు గూడ నేర్పడినవి.

2022 మార్చి 25వ తేదీని హాళ్లలో విడుదలయైన యీ చిత్రము, ఆ మే నెలలో నెట్‌ఫ్లిక్స్ ద్వారమున ప్రపంచమున కందినది. అచ్చట దొరకినది హిందీ ప్రతి. తెలుఁగు మొదలగు దక్షిణభాషల ప్రతులు జీ5 అను వేఱొక సంస్థ చేతిలో నుండెను. అమెరికాలోని సామాన్యప్రేక్షకుల చేతిలో నున్నది మొదటి సంస్థ గనుక, వారిలోఁ బెక్కుమంది యిండ్లలోఁ జూచినది తెలుఁగుచిత్రమే యైనను, విన్నది హిందీశబ్దము. దీని ఫలితముగా నొక వింత జరిగినది. చంద్రబోస్ రచించి, ఎం. ఎం. కీరవాణి స్వరపఱచిన ‘నాటు నాటు’ అను పాటకు 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ బహుమానమును, మార్చి 12వ తేదీని ఆస్కారు బహుమానమును లభించినవి. ఆస్కారు వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ దానిని దెలుఁగుననే పాడిరి. కాని హిందీప్రతిలో నా పాట ‘నాచో నాచో’ యని యున్నది. ఆడుము, ఆడుము అని దాని యర్థము. బహుమాన మందిన పాట యొకటి, ఇండ్లలో నందఱు విన్న పాట మఱియొకటి.

అదే 2023 జనవరిలో నమెరికా దర్శకుల సంఘమున జరిగిన ప్రదర్శనమున, ఇది బాలీవుడ్ చిత్రము కాదనియు, దక్షిణభారతమునుండి వచ్చిన తెలుఁగుచిత్రమనియు రాజమౌళి స్వయముగాఁ జెప్పవలసివచ్చెను. ఆస్కారు వాకిటిదాఁక వచ్చిన చిత్రమునకు సైతము భాష పేరు చెప్పి పరిచయము చేయవలసివచ్చుట, భాష యెంత వెనుకఁబడి నడచుచున్నదో తెలుపుచున్నది.

సబ్‌టైటిలు అను ననువాదము

గొంతు మాఱని చోటఁ గూడ భాష చేరినదని నిశ్చయించుటకు వీలులేదు. తెలుఁగు రానివానికిఁ దెలుఁగుశబ్దము నాదము మాత్రమే. అర్థము సబ్‌టైటిలువలననే కలుగవలయును. ఈ రచన మిక్కిలి యిఱుకైనది. ఒక్కసారి తెరపై రెండు పంక్తులకు మించి యుండరాదు. పంక్తికి నించుమించు నలువది యక్షరములు. అవి నిలుచునది రెండు సెకండ్లు మొదలు ఆఱేడు సెకండ్లవఱకే. పద్యము వ్రాయువాఁడు యతిప్రాసలకు లోఁబడినట్లే, ఈ యనువాదకుఁడు కాలమునకును స్థలమునకును లోఁబడియుండును. కావున నిది సాహిత్యమున నొక శాఖయే. అయినను దీనిని సాహిత్యముగాఁ బరిగణించువారరుదు. అనువాదకుని పేరు తెరపైఁ గనఁబడుటయు నరుదే.

ఇందలి కష్టములు కొన్ని యుదాహరణములచేఁ దెలియును.

మొదటిది, బంధుత్వవాచకము. మల్లీశ్వరిలో నాయిక నాయకుని ‘బావ’ యని పిలుచును. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, అక్క మగఁడు, కొన్నిచోట్ల భర్త గూడ బావయే. పెండ్లాడఁదగినవాఁడను సూచన యా పిలుపుననే యున్నది. ఇంగ్లీషున దీనికిఁ ‘గజిన్’ అని వ్రాసినచో, వివాహమునకుఁ దగని సంబంధమని యా దేశీయులలో ననేకులు తలంతురు. ‘బ్రదర్ ఇన్ లా’ యన్నచోఁ బెండ్లియైపోయినదని భ్రమింతురు. చీనాభాషలోఁ దండ్రి యన్నదమ్ముల బిడ్డల కొక పదము, మేనత్త మేనమామల బిడ్డలు మొదలగువారికి వేఱొక పదము కలదు. కావున నీ చిత్రమును జీనాభాషలోనికిఁ దెచ్చినవానికి, ఇంగ్లీషులోనికిఁ దెచ్చువానికి లేని సదుపాయ మొకటి యుండెను. తెలుఁగునుండి నేరుగా నొక భాషకుఁ బోవుట మేలా, ఇంగ్లీషు మీఁదుగాఁ బోవుట మేలా యనుటకు దీనికి మించిన సాక్ష్యము వలదు. ఇంగ్లీషు మీఁదుగాఁ బోయినచో బావ దారిలోనే తప్పిపోవును.

రెండవది, ఒక్కమాటలో నిమిడియున్న జీవనము. ‘నాటు’ అను మాట నాటుకోడి, నాటువైద్యము, నాటుబండి యను చోట్ల నొక్కొక్క తీరున మెఱయుచున్నది. స్వదేశమునఁ బుట్టినది, పల్లెటూరిది, మెఱుఁగు పెట్టనిది, మోటైనది, బలముగలది యను నర్థము లన్నియు నందుఁ గలవు. పరదేశపు దొరలయెదుట నిరువురు భారతీయు లాడు నాటమునకుఁ బేరుగా నది వచ్చినపుడు, ‘మాది నాటే, అదియే మా గొప్ప’ యను నభిమానము గూడఁ జేరుచున్నది. ‘నాచో’ యన్నచో నాట మిగులును, అభిమానము పోవును.

మూఁడవది, ఆచారము. వేణు యెల్దండి తీసిన ‘బలగము’ 2023లో వెలువడినది. తెలంగాణపు పల్లెలోఁ జనిపోయినవానికి బంధువులు పెట్టిన పిండమును గాకి ముట్టుట, ముట్టకుండుట యను విషయముపై కథ నడచును. ‘పిట్ట ముట్టుట’ యనునది తెలుఁగువానికి రెండు మాటలు. పరదేశికి దాని వెనుక నొక నమ్మకము, నొక భయము, మృతునకుఁ దీరని కోరిక యుండునను తలంపు నుండవలయును. అదే విధముగ ‘దాసి’ చిత్రమునఁ బెండ్లికూఁతురితోఁ గూడ దొరగడికిఁ బంపఁబడు స్త్రీకిఁ దెలంగాణమున ‘ఆడబాప’ యని పేరు. పనిమనిషి యన్నఁ జాలదు. బానిస యన్నను సరిపోదు.

నాలుగవది, మాండలికము. ఆర్.ఆర్.ఆర్.లో భీమునిపాత్రము పలుకునది తెలంగాణపుఁ బలుకుబడి. రాముని పలుకు వేఱు. గోండుపల్లెనుండి వచ్చినవాఁడని తెలుఁగుప్రేక్షకునకు నోరు విప్పఁగానే తెలియును. సబ్‌టైటిలులో నిరువురు నొకే యింగ్లీషు మాటలాడుదురు. ‘నీవు’, ‘మీరు’ అను భేదము సైతమట్లే. ఒకఁడు మఱియొకనిని మీరనుట మాని నీవనుట యొక్కొక్కప్పుడు కథలోఁ బెద్ద మలుపు. ఇంగ్లీషున రెంటికి నొకటే మాట.

ఆక్షేపమును సమాధానమును

ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. చలనచిత్రమునకు బొమ్మయే భాష. ఈగ పగతీర్చుకొనుట, బాహుబలి శివలింగమును భుజముపై మోయుట యేభాష వారికైనను దెలియును. హిందీగొంతు పెట్టినందుననే యీ చిత్రములు కోట్లమందికిఁ జేరినవి. చేరినతరువాత నే గొంతైన నేమి? అని యా యాక్షేపము. ఇది తీసివేయఁదగినది కాదు. వ్యయము పెట్టినవాఁడు లాభము చూచుకొనుట న్యాయమే. హిందీప్రతి లేకున్నచో నీ చిత్రముల నంతపెద్ద యెత్తునఁ దీయుటకే సాధ్యపడకపోవచ్చును.

సమాధాన మేమనఁగా, బొమ్మ వలనఁ గలుగు నాదరము చిత్రమునకే యంటియుండును. భాష వలనఁ గలుగు నాదరమే తరువాతి చిత్రమునకు, ఆ భాషలోని పుస్తకమునకు, పాటకు దారి చూపును. జపానుదేశ మిందుకు నిదర్శనము. అచ్చట బాహుబలి రెండవభాగము 2017 డిసెంబరు తుదిని విడుదలయై నూఱు దినములకుఁ బైగా నాడినది. పాత్రల పేళ్లు పెట్టి కేకలు వేయుచు, చప్పట్లు కొట్టుచుఁ జూచుట కనుమతించు ప్రత్యేకప్రదర్శనము లేర్పడినవి. కత్తిరింపఁబడిన ప్రతితోఁ దృప్తి చెందని ప్రేక్షకులకై 2018లో సంపూర్ణప్రతి విడుదలయైనది. ఆర్.ఆర్.ఆర్. 2022 అక్టోబరులో విడుదలయై, 2024 జనవరిలోఁ దకరజుక యను ప్రసిద్ధ స్త్రీనాటకసమాజమువారి రంగస్థలము నెక్కినది. కత్తిరించిన ముక్క చాలదు, మొత్తము కావలెనని యడిగిన ప్రేక్షకునికి భాష వలదని యెట్లు చెప్పనగును? అడుగనివాఁడు ప్రేక్షకుఁడు కాఁడు, ఈయనివాఁడు పంపినవాఁడు.

మఱియు బొమ్మయే చాలునను మాట పెద్ద చిత్రములకుఁ జెల్లును గాని చిన్న చిత్రములకుఁ జెల్లదు. 2018లో న్యూయార్కు భారతీయ చలనచిత్రోత్సవమునకుఁ బోయిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖపట్టణములోని యొక పేటవారితోనే, నటన వృత్తిగా లేనివారితోఁ దీయఁబడినది. అందు యుద్ధములు లేవు, కోటలు లేవు. ఆ పేట మాటలే దాని సంపద. మాట చేరనిచో నట్టి చిత్రమునకు విదేశయాత్రయే లేదు. పెద్దచిత్రములు తెఱచిన తలుపునఁ జిన్నచిత్రములు పోవలెనన్నచో, తలుపుపైఁ దెలుఁగు అను పేరుండవలయును.

చేయఁదగినది

కాంటనీస్ చిత్రములవారి యనుభవమువలన నేర్వఁదగినవి నాలుగు కలవు. మొదటిది, ప్రదర్శనములు దర్శకుని పేరనే కాక భాష పేరను జరుగవలయును. మల్లీశ్వరి, దాసి, ఈగ, బలగము ఒక్క మాలలోఁ జేరినపుడే యవన్నియు నొక భాషకు సంబంధించినవని పరదేశికిఁ దెలియును. రెండవది, తెలుఁగుశబ్దము గల ప్రతి విదేశములలోఁ దప్పక దొరకవలయును. హిందీప్రతి దాని ప్రక్కన నుండవచ్చును గాని దాని స్థానమున నుండరాదు. మూఁడవది, సబ్‌టైటిళ్లు తెలుఁగునుండి నేరుగా వ్రాయఁబడవలయును; వ్రాసినవాని పేరు తెరపై నుండవలయును. నాలుగవది, ఆ వ్రాఁతలు భద్రపఱుపఁబడవలయును. ఒక చిత్రమునకు వ్రాసిన సబ్‌టైటిలు మఱుసటి యనువాదకునకు నిఘంటువువంటిది. బావకు, నాటునకు, ఆడబాపకు నొక్కఁడు చేసిన పరిష్కారము పదిమందికిఁ బనికివచ్చును.

ఇందు మొదటి రెండును ధనముతోఁ గూడిన పనులు. నిర్మాతలు, ప్రభుత్వములు పూనవలసినవి. చివరి రెంటికిఁ గావలసినది పాండిత్యము. తెలుఁగునందును, జపాను, చీనా, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో నేదేని యొకదానియందును సమానమైన నేర్పు గలవారు కావలయును. పద్యమునకుఁ దాత్పర్యము వ్రాయుట, శాసనమునకు నర్థము చెప్పుట సాహిత్యసమాజముల పనియైనట్లే, రెండు పంక్తులలో బావ యను పిలుపును బరదేశి చెవి కందించుటయు వారి పనియే. శ్రీనగర్ కాలనీ నుండి బయలుదేరు చిత్రము హాలీవుడ్ చేరుటకు నేఁడు త్రోవ యున్నది. 1953లోఁ జైనాదేశపు ప్రేక్షకుఁడు మల్లీశ్వరిని దెలుఁగు గొంతుతో విని, తన లిపిలో దాని యర్థము చదివికొనెను. అంతకు సప్తతి సంవత్సరముల తరువాత, సాధనములు నూఱురెట్లు పెరిగిన కాలమున, అమెరికా ప్రేక్షకుఁడు తన యింటఁ గూర్చుండి ‘నాటు’నకు బదులు ‘నాచో’ వినెను. త్రోవ విశాలమైనది, దానివెంట మాటను గూడఁ బంపుట మిగిలియున్నది.